మడతపడని మడత కత్తి

ఆ రోజు పొద్దున్న నిదానం వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్తగా కొన్న జేబు కత్తితో ఓ అట్టపెట్టె టేపు కోసి చూడటం, ఒక ఆపిల్ తరగటం, తర్వాత కత్తిని మడిచి ప్యాంటు జేబులో వేసుకుని ఆఫీసుకి పోవటం. అంతే.

నిదానం అతని అసలు పేరు కాదు. లిఫ్టులు బిగించి, బాగుచేసే కంపెనీలో ఫిర్యాదుల బల్ల అతనిది. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళు ఫోన్లో గగ్గోలు పెడుతుంటే, "నిదానం అండీ, నిదానం, మావాళ్ళు బయల్దేరారు" అని చెప్పీ చెప్పీ ఆ పేరు స్థిరపడిపోయింది. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. చీమ ఎదురొస్తే తనే పక్కకి తప్పుకుని నడిచే మనిషి.

అంతకు ముందు రోజే అతనికి బదిలీ అయింది, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరి బ్రాంచికి. ఆఫీసులో అందరూ దాన్ని శిక్షగానే జమకట్టారు. నిజానికి ఆ బదిలీ కోసం అతను ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నాడు. భార్య అక్కగారి కుటుంబం ఉండేది అక్కడే. పాపని చూసుకునే మనిషి దొరుకుతుంది, భార్య మళ్ళీ కుట్టుబడిలో చేరచ్చు. కానీ మేనేజరు ఎదుటివాడి మొహంలో సంతోషం కనిపిస్తే సంతకం వెనక్కి తీసుకునే రకం. అందుకని ఆర్డరు అందుకునేటప్పుడు నిదానం నవ్వు ఆపుకోవటానికి పళ్ళు బిగబట్టాడు. చూసినవాళ్ళకి అది ఇంకోలా కనిపించింది.

కత్తి కొన్నది కూడా ఆ సంతోషంలోనే. మగవాడన్నాక ఎప్పుడూ జేబులో ఓ కత్తి ఉండాలని గడ్డం పెంచిన ఒకాయన వీడియోలో చెప్పాడు. సామాను కట్టేటప్పుడు పనికొస్తుంది కదా అనుకున్నాడు.

బొటనవేలితో తోయగానే అలుగు టక్కుమని బయటికొచ్చి నిలబడింది. టేపు వెన్నలా తెగింది. ఆపిల్ ముక్కలైంది. నిదానం ఒక ముక్క నోట్లో వేసుకుని, కత్తి మడవబోయాడు. మడతపడలేదు. రెండు చేతులా పట్టుకుని నొక్కాడు. ఊహూ. పెట్టెలో వచ్చిన కాగితం తీసి చూశాడు. అందులో తనకి తెలియని లిపి ఏదో ఉంది, పక్కన బాణం గుర్తు. ఆ బాణం కత్తి వైపు చూపిస్తోందో, తన వైపు చూపిస్తోందో కూడా తెలియలేదు.

"ఏమండీ, ఏంటది, దాంతో కుస్తీ పడుతున్నారు?" అంటూ భార్య వచ్చింది.

"మూసుకోవట్లేదే."

"తెరిచేముందు మూయటం నేర్చుకోవాలిగా!" అని తనూ ఓ చెయ్యి వేసింది. సబ్బు రాసింది. నూనె చుక్క వేసింది. కత్తి మరింత నిగనిగలాడింది కానీ ఒక్క వెంట్రుకవాసి కదల్లేదు.

"సరే, అలమర మీద పెట్టి పోతాను. సాయంత్రం చూద్దాం."

"అలమర మీదా? పాప నిన్న ఎక్కింది అలమర మీదకేగా! నోరు తెరుచుకున్న కత్తిని ఇంట్లో వదిలి వెళ్ళారంటే ఊరుకోను. పట్టుకుపొండి. ఎవరిచేతైనా మూయించి మరీ తీసుకురండి."

చేసేదిలేక నిదానం కత్తిని తుండుగుడ్డలో చుట్టి, క్యారేజీ సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. వీధి చివర తాళాలు బాగుచేసే అతని కొట్టుంది. ఆ కొట్టుకే తాళం వేసి ఉంది.

ఆఫీసు గుమ్మం దగ్గర వాచ్‌మన్ ఎప్పటిలా సెల్యూట్ కొట్టబోయి, చెయ్యి సగంలో ఆపేశాడు. తుండుగుడ్డనీ సంచినీ చీల్చుకుని వేలెడు అలుగు బయటికి పొడుచుకొచ్చి ఎండలో తళుక్కుమంటోంది. ఆ సంగతి నిదానం చూసుకోలేదు.

"మేనేజరుగారు వచ్చారా?" అని అడిగాడు.

వాచ్‌మన్ ఒక అడుగు వెనక్కి వేసి, "వ...వచ్చారు సార్. ఎందుకు సార్?" అన్నాడు.

"చిన్న పనుంది. ఆయనతోనే అవుతుంది."

మేనేజరు గుర్తుకు రావటానికి కారణం ఉంది. ఆయన రోజూ భోజనం అయ్యాక ఇలాంటి మడత కత్తితోనే పళ్ళు కోసుకుంటాడు. మూయటం ఆయనకి తెలిసే ఉంటుంది. కాకపోతే నలుగురిలో అడిగితే, కత్తి మూయటం కూడా రాదని నవ్వుతారేమోనని నిదానం సిగ్గుపడ్డాడు. ఏకాంతంగా కలవాలనుకున్నాడు.

మెట్ల మలుపులో భార్య నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమైంది?"

"ఇంకా కాలేదు. ఇప్పుడు మేనేజరు గదిలోకే వెళ్తున్నా. ఒంటరిగా దొరకాలిగా. నువ్వేం కంగారు పడకు, ఇవాళ దీని నోరు మూయించి కానీ ఇంటికి రాను," అన్నాడు గొంతు తగ్గించి.

ఆ మలుపు వెనకే రిసెప్షనిస్టు నీళ్ళ సీసా నింపుకుంటోంది. ఆఫీసులో ఆవిడని రేడియో అంటారు. ఆవిడకి 'దీని' అన్న మాట సరిగా వినపడలేదు, 'నోరు మూయించి' మాత్రం స్పష్టంగా వినపడింది. ఆలోపు వాచ్‌మన్ కూడా మెట్లెక్కి వచ్చి తను చూసింది చెప్పాడు. ఇద్దరి దగ్గరా ఉన్న ముక్కలు కలిపితే ఒళ్ళు జలదరించే బొమ్మ తయారైంది.

నిదానం తన బల్ల దగ్గరికి చేరేసరికి ఆఫీసు కొత్తగా ఉంది. ఎప్పుడూ కీచుమనే అతని కుర్చీ మాయమై, మెత్తటి కుర్చీ వచ్చింది. బల్లమీది కత్తెర లేదు, కాగితాలకి చిల్లులు పెట్టే పంచ్ లేదు, పెన్సిలు చెక్కుకునే మర కూడా లేదు. ఎన్నడూ పలకరించని స్టోరు గుమాస్తా స్వయంగా టీ తెచ్చి, మూరెడు దూరంలో పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయాడు. ఫ్యాన్లన్నీ అతని వైపే తిప్పి ఉన్నాయి.

"ఏంటండీ ఇవాళ ఇంత మర్యాద?" అన్నాడు నిదానం అయోమయంగా.

"అబ్బే, ఏం లేదన్నగారూ!" అంది రేడియో తలుపు పట్టుకుని. "మనసులో ఏదైనా బాధ ఉంటే మాట్లాడుకుంటే పోతుంది కదన్నగారూ. మీకు చిన్నపిల్ల ఉంది..."

పాప సంగతి ఇప్పుడెందుకు వచ్చిందో అతనికి బోధపడలేదు. ఆలోచించగా ఒకటి తట్టింది. తను వెళ్ళిపోతున్నాడని వీళ్ళు బాధపడుతున్నారు! అతని గుండె కరిగి నీరైంది. లేచి నిలబడ్డాడు. అందరూ కూడా లేచి నిలబడ్డారు.

"ఇన్నాళ్ళూ మీరు నాకు చేసినవి నేను మర్చిపోతాననుకోకండి," అన్నాడు. "ఒక్కొక్కరిదీ గుర్తుంది. వెళ్ళేలోపు అందరికీ తలా ఇంత ముట్టచెప్పే వెళ్తాను."

స్టోరు గుమాస్తా కళ్ళు తేలేశాడు. కింద పడబోతే ఇద్దరు పట్టుకున్నారు. పాపం, ఎంత సున్నితమైన మనసు అనుకున్నాడు నిదానం. కళ్ళు తుడుచుకుని, సంచి తీసుకుని, మేనేజరు గది వైపు నడిచాడు.

లోపల మేనేజరుకి కబురు అప్పటికే అందింది. తలుపు తెరుచుకోగానే ఆయన కుర్చీతో సహా గోడకి ఆనుకున్నాడు.

"రండి, రండి నిదానంగారూ," అన్నాడు. మేనేజరు తనని గారూ అనటం అదే మొదలు. నిదానానికి మళ్ళీ అయోమయం.

"సార్, తలుపు వేస్తానండీ. బయటివాళ్ళు చూస్తే బాగోదు." తలుపు వేసి, సంచిలోంచి తుండుగుడ్డ తీసి, మడతలు విప్పాడు. "పొద్దుట్నుంచీ నానా తంటాలు పడుతున్నా సార్. ఇక ఓపిక లేదు. మా ఆవిడ కూడా, తేల్చుకోకుండా ఇంటికి రావద్దంది."

"మీ ఆవిడ కూడానా!" మేనేజరు నుదుటి మీద చెమట ధారకట్టింది. టేబులు మీది ఫోన్ లాక్కుని, "అమ్మా, ఆ బదిలీ రద్దు! రద్దని హెడ్డాఫీసుకి మెయిలు కొట్టు, ఇప్పుడే, ఈ క్షణమే!" అని అరిచాడు.

నిదానానికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నవ్వు ఆపుకున్నది వృథా అయిందా? ఎక్కడ పసిగట్టాడీయన? కత్తి చేతిలో ఉందన్న సంగతే మరిచి ముందుకి ఒక అడుగు వేశాడు.

"రద్దేంటి సార్? మీరు ఇంత పని చేస్తారనుకోలేదు!"

"చాలదా? చాలకపోతే చెప్పండి బాబూ! ఏం చెయ్యమంటారు?"

"అక్కడికి ఎవరో ఒకరు వెళ్ళాలిగా సార్?" అన్నాడు నిదానం. తననే పంపమని అడగబోయేంతలో మేనేజరు అందుకున్నాడు.

"నేనే వెళ్తాను! విన్నావా అమ్మా? ఆ బ్రాంచికి నా పేరు రాయి!"

"మరి ఇక్కడెవరు సార్?" అని అవతలి వైపు నుంచి రేడియో అడిగింది.

"ఈయనే! నా కుర్చీలో ఈయనే కూర్చుంటారు! మెయిలు పంపించెయ్యి!" ఫోన్ పెట్టేసి మేనేజరు రెండు చేతులూ జోడించాడు. "ఇక ఆ కత్తి ఇలా ఇచ్చెయ్యండి నాయనా."

"అందుకేగా సార్ నేను వచ్చింది," అని నిదానం పిడివైపు తిప్పి అందించాడు.

మేనేజరు చెయ్యి చాచి అందుకున్నాడు. ఆ చేతికి ఏళ్ళ అలవాటుంది. బొటనవేలు తనంత తనే పిడిలోని సన్నటి రేకుని పక్కకి నెట్టింది. చూపుడువేలు అలుగు వెన్నుని తోసింది. కత్తి టక్కుమని మడతపడింది.

"అదీ!" నిదానం ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అదే సార్! ఆ రేకు నొక్కాలా? ఇంకోసారి చేసి చూపిస్తారా? పొద్దున తెరిచాను, మూయటం రాక చచ్చిపోతున్నాను."

మేనేజరు కత్తి వైపు చూశాడు, నిదానం వైపు చూశాడు.

"దీన్ని మూయించుకోవటానికా వచ్చారు?"

"మరింకెందుకొస్తాను సార్?"

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు మేనేజరు నీరసంగా, కుర్చీలో కూలబడి.

వెంటనే ఫోన్ ఎత్తి మెయిలు ఆపమన్నాడు. అది వెళ్ళిపోయిందని రేడియో చెప్పింది. అంతేకాదు, జవాబు కూడా వచ్చేసింది. అంత మారుమూలకి తనంతట తానే వెళ్తాననే మేనేజరు దొరకటం తమ అదృష్టమనీ, ఆయన త్యాగం మిగతా బ్రాంచీలకి ఆదర్శమనీ పెద్దలు మెచ్చుకున్నారు. బెదిరిపోయి అలా చెప్పానని హెడ్డాఫీసుకి ఒప్పుకోవటం కన్నా సముద్రమే నయమనిపించింది మేనేజరుకి.

"సార్, నాకు ఆ ఊరంటే అభ్యంతరం లేదు..." అని నిదానం నసిగాడు.

"నోర్ముయ్!" అని, మళ్ళీ సర్దుకుని, "దయచేసి," అన్నాడు మేనేజరు.

సాయంత్రం నిదానం మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. భార్య అట్టపెట్టెల మధ్య కూర్చుని గిన్నెలకి కాగితాలు చుడుతోంది. జరిగింది విని, చేతిలో గిన్నెతోనే అతని వైపు తిరిగింది.

"అంటే మనం వెళ్ళట్లేదా?"

"లేదు. మేనేజరుగారు వెళ్తున్నారు."

"ఎందుకు?"

"అదే తెలియటం లేదే. నన్ను వదులుకోవటం ఇష్టం లేక అనుకుంటా. నేను వెళ్ళిపోతానంటే స్టోరు గుమాస్తా మూర్ఛపోయాడు కూడా."

"మరి మా అక్కకి నేనేం చెప్పను? ఈ ఇంటి ఓనరు రేపు కొత్తవాళ్ళని తీసుకొస్తానన్నాడు. వాళ్ళకేం చెప్పను?"

"ఇప్పుడు మేనేజర్ని నేనేగా. మేనేజరుకి కంపెనీ ఇల్లుందిట. పెద్దదిట. దిగువ గది కుట్టుపనికి బావుంటుంది, రోడ్డు మీదకి తలుపుంది." ఆ మాట విన్నాక భార్య గిన్నె కింద పెట్టి, "ఎంత వెడల్పు తలుపు?" అని అడిగింది. పాపని ఎత్తుకుని తిరగటానికి ఓ మనిషిని కూడా కంపెనీయే ఇస్తుందేమో కనుక్కోమంది.

వారం తిరిగేసరికి పాత మేనేజరు రైలెక్కాడు. వీడ్కోలు సభలో ఆయన నిదానానికి రెండు గజాల దూరం నుంచే దండం పెట్టాడు. అది వినయం అనుకున్నాడు నిదానం. కొత్త కుర్చీలో కూర్చున్న మొదటి రోజు, సమయపాలన గురించి నాలుగు మంచి మాటలు చెబుదామని ముందురాత్రే తయారుచేసుకుని వెళ్ళాడు గాని, చెప్పే అవసరం రాలేదు.

ఆఫీసు తాళాలు తీసే వాచ్‌మన్ కన్నా ముందే అందరూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.