మామగారికి వేరుకుళ్ళు

కాలింపోంగ్‌లో ఆషాఢం వచ్చిందంటే ఉతికిన బట్ట ఆరదు, గీసిన అగ్గిపుల్ల వెలగదు. మబ్బు తలుపైనా తట్టకుండా నట్టింట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఇలాంటి రోజుల్లో సాయంత్రం పూట వేడి రాగికల్లు, అదే తొంగ్బా, లేకుండా మగవాడు ఎలా బతుకుతాడన్నది ధనమాన్ ముఖియా ప్రశ్న. బతకవచ్చునన్నది డాక్టరుగారి అభిప్రాయం. బతికి తీరాలన్నది భార్య పవిత్ర తీర్పు.

తీర్పుతో ఊరుకుందా? వరండాలోని ఆర్కిడ్ కుండీ మీద చెయ్యి వేయించి మరీ తాగనని ఒట్టు పెట్టించుకుంది.

అది మామూలు మొక్క కాదు. ఆమె తండ్రి నలభై ఏళ్ళు పెంచిన దుబ్బులోంచి విడదీసి పెళ్ళినాడు కూతురికిచ్చిన పిలక. ఆయనా పోయాడు, ఆ దుబ్బూ పోయింది. మిగిలింది ఇదొక్కటే. పవిత్ర దాన్ని 'నాన్న' అంటుంది, కాబట్టి ధనమాన్‌కి అది మామగారు. బతికున్నప్పుడు ఆయన అల్లుణ్ణి ఎలా చూసేవాడో కుండీలోంచి ఈ మొక్కా అలాగే చూస్తుందని అతని నమ్మకం.

చెల్లెలి పురిటికని పవిత్ర మూడు వారాలు ఉండి రావడానికి పెడాంగ్ ప్రయాణమైంది.

"నాన్నకి నీళ్ళు పొయ్యకండి. వానాకాలం. ఊరికే చూస్తూ ఉండండి చాలు."

"చూడ్డమేగా! అంతకంటే తేలికైన పనుందా?"

"మీకు తేలికైన పని చెప్పినప్పుడే నాకు భయం."

ఆమె జీపు మలుపు తిరిగిందో లేదో, ధనమాన్ అటక మీంచి వెదురు గొట్టం దించాడు. అందులో పులిసిన రాగులు నింపి, మరిగే నీళ్ళు పోసి, సన్నటి వెదురు పుల్లతో మొదటి గుక్క పీల్చేసరికి ఆషాఢం కూడా అందంగా కనబడింది.

చిక్కల్లా పిప్పితోనే వచ్చింది. తాగింది కడుపులో దాక్కుంటుంది గానీ, మిగిలిన రాగిపిప్పి ఎక్కడ దాస్తాం? పెరట్లో పారేద్దామంటే పక్కింటి ఫూల్‌మాయ ఉంది. ఆవిడ కళ్ళు కంచె మీదే కాపురం ఉంటాయి. ఇక్కడ పిల్లి తుమ్మితే పెడాంగ్‌కి ఫోన్ వెళుతుంది.

అప్పుడతని చూపు మామగారి మీద పడింది. కుండీ నిండా నాచు. నాచు ఎత్తి, పిప్పి కింద సర్ది, మళ్ళీ నాచు కప్పేస్తే బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు. పైగా ఎరువు. తన తెలివికి తనే మురిసిపోయి రోజూ సాయంత్రం మామగారికి వడ్డించసాగాడు.

పన్నెండో రోజుకి మామగారు పసుపుపచ్చగా మారారు. పదమూడో రోజుకి ఒక పక్కకి ఒరిగారు. పద్నాలుగో రోజు కుండీ దగ్గరికి వెళితే, రాత్రంతా పెళ్ళివారు తాగి వెళ్ళిన పందిరి వాసన వచ్చింది. ధనమాన్‌కి ఒట్టు పెట్టిన చోటే పిప్పి పోశాను కదా అని అప్పుడు తట్టింది.

కుండీ గొడుగు కింద పెట్టుకుని, మూడువందల ఆర్కిడ్‌లు పెంచే రిటైర్డు సైన్సు మాస్టారు నోర్దెన్ లెప్చా ఇంటికి పరుగెత్తాడు. మాస్టారు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఇది కుండీయా, సారా బట్టీయా?"

"అదీ... కాస్త ఎరువు వేశాను మాస్టారూ."

"ఎన్ని గొట్టాల ఎరువు?"

"పదమూడు," అన్నాడు ధనమాన్ నేల చూస్తూ.

"దీని వేళ్ళకి గాలి కావాలయ్యా. కొమ్మల మీద గాల్లో వేలాడుతూ బతికే జాతి. నువ్వు తీసుకెళ్ళి బురదలో ముంచావు. వేరుకుళ్ళు. మెత్తగా, నల్లగా ఉన్న వేళ్ళన్నీ కత్తిరించెయ్. నొక్కితే గట్టిగా ఉన్నవి ఉంచు. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దు. రెండు రోజులు నీడలో ఆరబెట్టు. తరవాత బొగ్గుముక్కలూ ఇటుకముక్కలూ వేసి నాటు. వారం దాకా చుక్క నీళ్ళు చూపించకు. మొక్కకే కాదు, నీకూ ఆ మాట వర్తిస్తుంది."

ఇంటికొచ్చి కూర్చుని కత్తిరించాడు. వేళ్ళు ఉడికిన సేమ్యాల్లా చేతికి వచ్చేశాయి. చివరికి గట్టివి మూడంటే మూడు మిగిలాయి. "మామయ్యా, నన్ను తిట్టుకోండి. మీ అమ్మాయిని మాత్రం ఏడిపించకండి," అని నిజంగానే బతిమాలాడు. పాతికేళ్ళలో ఆయనతో అంత చనువుగా మాట్లాడటం అదే మొదలు.

ఇక ఆరబెట్టాలి. ఆ మబ్బులో ఆరేదేమిటి? ఆఫీసు నుంచి పాత టేబుల్ ఫ్యాను మోసుకొచ్చి, మామగారిని గదిలో బట్టల తీగకి కట్టి, గాలి అటు తిప్పాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఏమిటండీ ఆ చప్పుడు?"

"ఫ్యాను."

"ఈ చలిలోనా! ఒంట్లో బాగాలేదా?"

"ఉక్కగా ఉంది."

"ఇక్కడ మేం రెండేసి దుప్పట్లు కప్పుకున్నాం. నాన్నెలా ఉన్నారు?"

గాలికి గిరగిరా తిరుగుతున్న మామగారిని చూశాడు ధనమాన్. "హుషారుగా ఉన్నారు," అన్నాడు.

మూడో రోజు మామగారిని బొగ్గుముక్కల్లో నిలబెట్టి ఊలుదారంతో కర్రకి కట్టాడు. కుండీలోంచి తీసిన పిప్పి అంతా మిగిలిపోయింది. వానకి కొట్టుకుపోతుందిలెమ్మని మబ్బు బాగా కమ్మినప్పుడు చూసి పెరటి కంచె అవతలికి విసిరాడు. ఫూల్‌మాయకి కనబడలేదు. ఆవిడ కోళ్ళకి కనబడింది.

గంటకి కంచె దగ్గర గోల మొదలైంది. పెట్టలు వరసగా నడవబోయి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పుంజు కంచె ఎక్కి, కూతకి నోరు తెరిచి, కూత మరిచి కింద పడింది.

"దాజూ! నా కోళ్ళకి తెగులొచ్చింది అన్నయ్యా!" అని ఫూల్‌మాయ గుండెలు బాదుకుంది.

"గాలి మార్పు బైనీ, గాలి మార్పు! తగ్గిపోతుంది చెల్లెమ్మా!"

అంతలో మెట్లు దిగి సంచీతో పవిత్ర ప్రత్యక్షమైంది, చెప్పినదానికంటే మూడు రోజులు ముందు. ఈ చలిలో ఫ్యానేమిటని మనసాగలేదట. పుంజు తూలుతూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. ఆమె దాన్నెత్తి ముక్కు వాసన చూసింది. తరవాత మొగుడి వైపు చూసింది.

ధనమాన్ అబద్ధం చెబుదామనే నోరు తెరిచాడు. ఆమె అప్పటికే వరండాలో కుండీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆకులు సగం లేవు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనే," అన్నాడు. "రోజూ తాగాను. పిప్పి అందులో దాచాను. మూడు వేళ్ళే మిగిలాయి. అవి మాత్రం బతికించాను పవిత్రా."

పవిత్ర బొగ్గుముక్కలు కాస్త పక్కకి జరిపి, వంగి చూసింది. ఒక వేరు కొసన గోరంత లేత పచ్చదనం.

"పట్టుకుంది," అంది. "కోసింది మీరేనా?"

"నేనే."

"చక్కగా కోశారు."

ఆ ఒక్క మాటకి ధనమాన్ ఉబ్బిపోయాడు. గండం గడిచిందనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం వెదురు గొట్టం ఎక్కడుందో వెతుకుతుండగా వరండాలో అలికిడైంది. వీధిలోని ఆడవాళ్ళంతా తలో కుండీ పట్టుకుని నిలబడ్డారు. వానకి అందరి ఆర్కిడ్‌లూ కుళ్ళాయి.

"మా ఆయన చేతిలో మంచి వైద్యం ఉంది," అంటోంది పవిత్ర తేనెలొలికే గొంతుతో. "చెప్పండి, ఎలా చేశారో!"

పొగడ్త అంటే పడి చచ్చే మనిషి. కుర్చీ లాక్కుని గాలి గురించి, బొగ్గు గురించి, దాల్చినచెక్క గురించి అరగంట ఉపన్యాసం దంచాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు.

"ఎవరూ మొహమాటపడకండి," అంది పవిత్ర. "సాయంత్రం అయిదు నుంచి ఏడున్నర దాకా ఆయనకి వేరే పనేం లేదు. దసరాకొచ్చే దసైన్ పండగ దాకా ఇక్కడే కూర్చుంటారు."

ధనమాన్ గర్వంగా తల ఊపాడు. ఊపాక గానీ అది తన గొట్టం వేళన్న లెక్క తెలియలేదు.

"రోజూనా?" అన్నాడు నీరసంగా.

"రోజూ."

"మరి ఆదివారం?"

"ఆదివారం పొద్దున్నుంచే రమ్మన్నాను."

ఫూల్‌మాయ ముందుకొచ్చి కుండీ అతని ఒళ్ళో పెట్టింది. ధనమాన్ కత్తెర అందుకున్నాడు.