సదస్సును మించిన మందు లేదు

అవగాహన సదస్సుకు మించిన కుటుంబ నియంత్రణ సాధనం ఈ భూమ్మీద లేదు! కాదనేవాళ్ళు నాతో వాదనకు రావచ్చు. కాస్త తీరిక చేసుకుని రండి, నేను రెండు ముక్కల్లో తేల్చే మనిషిని కాను.

మా వీధి చివర హెల్త్ సెంటర్ ఉంది. దానికి ఉన్నదల్లా ఒక్క వ్యాన్. గర్భం రాకుండా వేసే సూదిమందు కోసం ఆడవాళ్ళు వచ్చే రోజునే సెంటర్ పెద్దసారు సదస్సు పెడతారు. జనాన్ని విడిగా పోగేసే శ్రమ తప్పుతుంది కదా, ఎంత ముందుచూపు! కుర్చీలు, టెంటు, మైకు ఆ వ్యాన్‌లోనే రావాలి. ఇక మందుపెట్టెకు చోటెక్కడిది? పాపం, అది మందుల డిపోలోనే ఉండిపోతుంది.

మా వీధి కుట్టుపనావిడ సంగతే చూడండి. నలుగురు పిల్లల తల్లి. చంకలోని చిన్నది ఇంకా సరిగ్గా నిలబడలేదు. ఈవిడకేమో కాసేపు మిషన్ తొక్కితే చాలు, కాళ్ళు వాచిపోతాయి.

"ఇంకో కాన్పంటే నా వల్ల కాదు నర్సమ్మా. ఆ సూదేదో వేసి పంపు," అని బతిమాలింది.

"వచ్చేసారి తప్పకుండా వేస్తానక్కా. ఈసారికి ఉపన్యాసం విని వెళ్ళు," అంది నర్సమ్మ, తలెత్తకుండా.

విన్నది. ముందు వరసలోనే కూర్చుని విన్నది. మధ్యలో చిన్నది ఏడుపు లంకించుకుంటే, "చూశారా, అందుకే తక్కువమందిని కనమనేది," అన్నారు పెద్దసారు. మందుసీసాకు ఇంత సమయస్ఫూర్తి ఉంటుందా, మీరే చెప్పండి?

రాత్రి ఆ ఉపన్యాసమంతా మొగుడికి అప్పజెప్పింది. ఆయన సగంలోనే గురక పెట్టాడు.

తర్వాతి సదస్సుకు చేతుల కుర్చీలు వచ్చాయి. ఎంత సుఖంగా ఉన్నాయో! మందు మాత్రం రాలేదు.

మొన్న మైకు చెడిపోయి సదస్సు రద్దయింది. వ్యాన్ ఖాళీగా ఉంది కాబట్టి ఎట్టకేలకు మందుపెట్టె దిగింది. నర్సమ్మ సంతోషం పట్టలేక తానే ఇంటికొచ్చి పిలిచింది. కుట్టుపనావిడ మిషన్ ఆపి, బల్ల పట్టుకుని మెల్లిగా లేచింది.

"నాకెందుకమ్మా ఇప్పుడు? ఐదో నెల. పక్కింటి పిల్లకు వెయ్యి, దానికైనా అందనీ."

నర్సమ్మ పక్కింటి వైపు నడిచింది.

సంగతి తెలిసి పెద్దసారు చాలా బాధపడ్డారు. "ఎంత చెప్పినా వీళ్ళ బుర్రకెక్కదు," అని నిట్టూర్చి, ఈసారి వరసగా రెండు సదస్సులకు వ్యాన్ పురమాయించారు.