నూకయ్య బండికి తగిలిన దిష్టి

ఆ పొద్దున నూకయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. బందరువానిపేట రేవులో చేపల పెట్టెలు ఎక్కించుకోవాలి, ఐసు కరగకముందే కొత్తవలసలో ధనరాజు కొట్టు దగ్గర దింపాలి, ఇంటికొచ్చి పడుకోవాలి. ఇందులో బావమరిది ప్రసక్తి గాని, దిష్టి ప్రసక్తి గాని ఎక్కడా లేదు. కాని ఆ రెండూ లేకుండా బండి కదల్లేదు.

బావమరిది గోవింద్ ఫోన్లో వీడియోలు చూసి ఇంజినీరైనవాడు. నూకయ్య మినీలారీ పాతదే అయినా బాగానే పరిగెత్తేది. బాగున్నదాన్ని బాగుచెయ్యకపోతే గోవింద్‌కి నిద్ర పట్టదు. పోయిన వారం దాన్ని విజయనగరంలో ఒక షెడ్డుకి తోలుకెళ్ళి, ఇంజిన్‌కి డీజిల్ ఎక్కువ అందించే చిప్పు పెట్టించాడు. లావుపాటి సైలెన్సర్ బిగించాడు. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టాన్ని క్యాబిన్ పక్కనుంచి పైకప్పు దాకా లేపాడు. రేవులో ఇసక లోపలికి పోకుండా ఉంటుందట. నాగబాబు వ్యానుకి ఇవన్నీ ముందే ఉన్నాయి కాబట్టి నూకయ్య కాదనలేకపోయాడు. నాగబాబుదీ అదే రేవు, అదే వ్యాపారం. ధనరాజు సరుకు తన వ్యానెక్కే రోజు కోసం కాచుకుని కూర్చున్నవాడు.

గొట్టం చూసి నూకయ్య భార్య దుర్గ గుండెలు బాదుకుంది. "నల్లగా నోరు తెరుసుకోని ఊరందరికీ అవుపిస్తన్నాది. అలగ నోరు తెరుసుకున్నదాని మీదే దిష్టి పడతాది" అంది. శ్రీకూర్మంలో బండికి పూజ చేయించి, స్వామి దగ్గర పెట్టిన పసుపు గుడ్డను ఆ గొట్టం నోటికి, ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు కట్టి, తాడుతో బిగించింది. ఎవరికీ వింతగా తోచలేదు. రేవులో గుడ్డా నిమ్మకాయా లేని బండి ఏదని? గోవింద్ దాని పక్కన నిలబడి ఫొటో కూడా దిగాడు. నూకయ్యకి దిష్టి మీద నమ్మకం లేదు గాని దుర్గ మీద భయం ఉంది. అందుకని తాడు కొస తనే పట్టుకున్నాడు.

కొత్తవలసలో ఉన్న అక్కని చూసొస్తానని దుర్గ, కొత్త ఇంజిన్ తడాఖా చూపిస్తానని గోవింద్ ఎక్కి కూర్చున్నారు. శ్రీకాకుళం చేరేసరికే బండి ఆయాసపడింది. నాగావళి వంతెన మీద ఇసక ట్రాక్టరొకటి తాపీగా దాటిపోయింది. వెనక సైలెన్సర్ నల్లటి పొగ కక్కుతోంది.

"ఏట్రా ఇది? ట్రాక్టరు దాటీసినాది" అన్నాడు నూకయ్య.

"నల్ల పొగొచ్చిందంటే లోపల బలం ఉన్నట్టు బావా. బయటికి రానేదంతే. ఉండు, పెంచుతాను." చిప్పుకి ఫోన్లో మీట ఉంది. గోవింద్ దాన్ని రెండు నుంచి మూడుకి జరిపాడు. చిప్పు డీజిల్ ఇంకాస్త పోసింది, పొగ ఇంకాస్త పెరిగింది, బండి ఇంకాస్త నెమ్మదించింది.

వెనకొచ్చే బస్సులోంచి జనం తలలు బయటపెట్టి తిట్టడం మొదలెట్టారు. దుర్గ అదీ చూసింది. "ఇంతమంది కళ్ళు పడితే బండెలా ఎల్తాది? ఆపు మావా" అని బండి ఆపించి, టైరెక్కి, పసుపు గుడ్డ మీద నల్ల రవికె ముక్క ఇంకోటి చుట్టి, ఉప్పూ మిరపకాయల మూట వేలాడగట్టింది.

ఆ తరవాత బండి సైకిలు వేగానికి దిగింది. గోవింద్ షెడ్డు వాళ్ళకి ఫోన్ చేస్తే, కొత్త సామాను సర్దుకోడానికి టైము పడుతుందన్నారు. దారిలో ఒక మెకానిక్ డీజిల్ ఫిల్టర్ మార్చి, తప్పు చిప్పుదన్నాడు. చిప్పు తప్పనగానే గోవింద్‌కి పౌరుషమొచ్చి మీటని నాలుగుకి జరిపాడు. దుర్గ ఇంకో మడత వేసింది. ఇద్దరూ బండి మీద ప్రేమతోనే చేస్తున్నారు. వాళ్ళని ఏమీ అనలేక నూకయ్య స్టీరింగుని కొట్టాడు.

రణస్థలం దాటాక ఫ్లైఓవర్ వచ్చింది. సగం ఎక్కి బండి ఆగిపోయింది. వెనక లారీల హారన్లు, పెట్టెల్లోంచి ఐసు నీళ్ళు, పైన ఎండ. అప్పుడే ధనరాజు ఫోను.

"ఏటి నూకయ్యా, ఎక్కడున్నావు? మార్కెట్టు లేసిపోతాది. ఈపాలి సరుకు పాడైందంటే రేపట్నుంచి నాగబాబుకి సెప్పుకుంటాను. మళ్ళీ అనుకోకు."

ఫోను పెట్టేసిన రెండు నిమిషాలకి ఐసు కోసం ఖాళీగా వెళ్తున్న నాగబాబు వ్యాను వెనకనుంచి జోరుగా వచ్చి పక్కన ఆగింది. నాగబాబు దిగి, చల్లగా నవ్వాడు. "ఏటి బావా, బండికి ముస్తాబు సెయ్యడం కాదు, నడపడం రావాల. పెట్టెలు నా వ్యాన్లో ఎయ్యి. ధనరాజు గారికి నేను సెప్పుకుంటాన్లే."

నూకయ్యకి ఒళ్ళు మండిపోయింది. కాని చేపలకి పౌరుషం లేదు, కుళ్ళిపోతాయి. పళ్ళు కొరుక్కుంటూ పెట్టెలన్నీ మార్పించాడు. పదేళ్ళుగా మోస్తున్న సరుకు పరాయి బండెక్కుతుంటే అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

దుర్గ మాత్రం న్యాయం తెలిసిన మనిషి. "సరుకు ఎక్కడుంటే స్వామి గుడ్డ అక్కడుండాల" అని, గొట్టానికున్న గుడ్డలన్నీ విప్పి, నాగబాబు వ్యాను గొట్టం నోటికి అన్నీ కలిపి కట్టేసింది. నాగబాబు గుండెల మీద చెయ్యి వేసుకుని దణ్ణం పెట్టుకున్నాడు.

వ్యాను ముందు కదిలింది. నూకయ్య నీరసంగా తాళం తిప్పాడు. బండి పులిలా లేచింది. పొగ లేదు, ఆయాసం లేదు, ఫ్లైఓవర్ కొస దాకా ఒక్క ఊపులో ఎక్కేసింది.

"సూసినావా బావా, నాలుగో మీట" అన్నాడు గోవింద్.

"సరుకు దింపీసినాం కదరా, అందుకెక్కినాది" అన్నాడు నూకయ్య. అంటూండగానే ఎదురుగా నల్లటి పొగ కనిపించింది. పొగలో నాగబాబు వ్యాను. దిగువకి వెళ్ళడానికి కూడా ఓపిక లేనట్టు దేకుతోంది. ఇంకాసేపటికి పక్కకి తీసి ఆగిపోయింది.

నూకయ్య బండాపి దిగాడు. నాగబాబు యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా గొట్టం మీది గుడ్డ లోపలికి గుంటపడుతోంది, వదిలితే పైకి ఉబ్బుతోంది. నూకయ్య దాన్ని రెండుసార్లు చూశాడు. తరవాత దుర్గని చూశాడు, గోవింద్‌ని చూశాడు. తన బండి గొట్టం వైపు చూశాడు, దాని నోరు తెరుచుకునే ఉంది.

"బావా, ఇంజిన్ ఏటో అయిపోనాది. నీది నడస్తన్నాది కదా. పెట్టెలు నీ బండ్లో ఎక్కించీయవా?" అన్నాడు నాగబాబు. ఈసారి నవ్వు లేదు.

పెట్టెలు మళ్ళీ సొంత బండెక్కాయి. బరువుతో కూడా ఇంజిన్ హాయిగా గుర్రుమంది. వచ్చేస్తున్నానని నూకయ్య ధనరాజుకి ఫోన్ చేసి చెప్పాడు. తలుపు వేసుకోబోతుంటే దుర్గ భుజం తట్టింది.

"మావా, స్వామి గుడ్డ ఆడి బండికే ఉండిపోనాది. ఇప్పుకొచ్చీనా?"

"ఒద్దే. పాపం, ఆడి బండికే దిష్టి ఎక్కువున్నాది" అన్నాడు నూకయ్య. "ఇంకో మడతేసి గట్టిగా కట్టి రా."

మొగుడికి ఇన్నాళ్ళకి నమ్మకం కుదిరిందని మురిసిపోతూ దుర్గ నాగబాబు వ్యాను టైరెక్కింది.