అత్తగారి నోట్లో అచ్చు

శనివారం ఉదయం పదిన్నరకు, శిక్షణ కేంద్రంలో, పళ్ళ డాక్టరు తన అత్తగారి నోట్లో అచ్చు ట్రే పెట్టాడు. పదకొండు దాటినా అది బయటికి రాలేదు.

పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. ఆయన పదిహేనేళ్ళుగా పుచ్చులు పూడుస్తున్న మామూలు డాక్టరు. సర్జన్ దవడలో దించిన ఇంప్లాంట్ అనే లోహపు వేరు మీద పన్ను క్యాప్ బిగించడం నేర్చుకోవాలని శిక్షణలో చేరాడు. సర్టిఫికెట్ రావాలంటే ఒక పేషెంటుకు అచ్చు నుంచి క్యాప్ దాకా తానే చేసి చూపాలి. ఒప్పుకున్న పేషెంటు ముందురోజు చేతులెత్తేశాడు. నెలాఖరు గడువు. ఇంట్లో ఇంప్లాంట్ ఉన్న మనిషి అత్తగారొక్కరే. భార్య రాయబారం నడిపింది.

"నొప్పి ఉండదుగా అల్లుడుగారూ?" అని కుర్చీలో కూర్చుంటూ అడిగారు అత్తగారు.

"అచ్చే కదా అత్తయ్యా. ఐదు నిమిషాల పని."

"పన్ను పీకినప్పుడూ ఐదు నిమిషాలే అన్నారు."

పద్ధతి ఇది. ఇంప్లాంట్ మీద ఒక లోహపు పోస్టును స్క్రూతో బిగిస్తారు. పైనుంచి ముద్ద నింపిన ట్రే పెడతారు. ట్రేకి ఒక కంత ఉంటుంది. స్క్రూ తల అందులోంచి కనబడుతూ ఉండాలి. ముద్ద గట్టిపడ్డాక ముందు స్క్రూ విప్పాలి, ఆ తర్వాతే ట్రే తీయాలి. డాక్టరు అన్నీ సరిగ్గానే చేశాడు. కానీ కంత కనిపిస్తే పూడ్చడం పదిహేనేళ్ళుగా ఆయన వృత్తి. మిగిలిన ముద్దతో దాన్ని కూడా పూడ్చి, వేలితో నున్నగా రాశాడు.

ముద్ద గట్టిపడింది. ట్రే లాగితే అత్తగారి తల కూడా వచ్చింది.

అత్తగారు తలుపు వైపు చెయ్యి విసిరారు. చలేస్తోందనుకుని డాక్టరు ఏసీ ఆపించాడు. ఆవిడ కుర్చీ చెయ్యి మీద చరిచారు. కుర్చీ కిందికి దించాడు. ఆవిడ కళ్ళు పెద్దవి చేశారు. చివరికి బయట పేపరు చదువుకుంటున్న మామగారిని పిలిపించాడు.

మామగారు భార్య చేతుల్ని కాసేపు పరిశీలించారు. "కంగారు పడొద్దు, నింపాదిగా చేసుకోమంటోంది."

"నిజంగానేనా మావయ్యా?"

"నలభై ఏళ్ళ కాపురం అల్లుడుగారూ. ఆమాత్రం తెలీదా?"

డాక్టరుకు ప్రాణం కుదుటపడింది. స్క్రూ ఎక్కడుందో తట్టేదాకా స్టూలు మీద కూర్చుని ఆలోచించసాగాడు.

అది చూసి పక్క కుర్చీ దగ్గర శిక్షణలో ఉన్న డాక్టరమ్మ తన పక్క డాక్టరు చెవిలో గొణిగింది. "ఈయన ట్రే తీయడేమిటి?"

"ఎక్కువసేపు ఉంచితే అచ్చు బాగా వస్తుందేమో. పెద్దాయన కదా, ఊరికే కూర్చోడు."

ఆ మాట కుర్చీల వరస చివరిదాకా పాకింది. శిక్షణ ఇచ్చే మేడమ్ లోపలికి వచ్చేసరికి ఏడుగురు పేషెంట్లు ట్రేలతో నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. ఏడుగురు డాక్టర్లు ఊరికే కూర్చున్నారు.

"ఎవరు చెప్పారు ఇలా?" అంది మేడమ్.

అందరూ ఒక్క వైపే చూశారు. ఆవిడ అత్తగారి దగ్గరికి వచ్చి ట్రేని వేలితో తడిమింది. "కంత ఏదీ?"

"పొరపాటున పూడ్చాను మేడమ్."

"పొరపాటు కాదు, అలవాటు."

మేడమ్ బ్లేడుతో పైపొర చెక్కింది. స్క్రూ తల బయటపడింది. విప్పింది. ట్రే చేతిలోకి వచ్చింది. దాన్ని దీపం కింద తిప్పి చూసింది. "అచ్చు మాత్రం నిక్షేపంలా వచ్చింది. ఇదే వాడదాం. క్యాప్ బిగించగానే సర్టిఫికెట్."

అత్తగారు దవడ రెండుసార్లు ఆడించి చూసుకున్నారు. మొదటి మాట మామగారితో. "మేడమ్‌ని పిలవమని కదండీ అన్నాను."

మామగారు పేపరు మడతపెట్టారు.

క్యాప్ కోసం మళ్ళీ ఆ గడప తొక్కేది లేదని ఆవిడ తేల్చేశారు. భార్య రెండో రాయబారం మూడు రోజులు సాగింది.

"వస్తుందట. ఒక్క షరతు," అంది భార్య.

"ఏమిటి?"

"మీరూ నోట్లో ట్రే పెట్టుకుని అరగంట కూర్చోవాలట. ఎదురుగా అమ్మ మాట్లాడుతుందట."

సర్టిఫికెట్ గుర్తొచ్చి డాక్టరు తలూపాడు.

ఆదివారం పది గంటలకు, ఇంటి హాల్లో, భార్య ఆయన నోట్లో ట్రే పెట్టింది. అత్తగారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. పదకొండున్నరకు ఆవిడ ఫిర్యాదులు ఇంకా అల్లుడి పెళ్ళిచూపుల దగ్గరే ఉన్నాయి.