అత్తగారు అందించిన సౌర హెచ్చరిక

సౌర వాతావరణ కేంద్రంలో పనిచేసే అల్లుడు ఆ ఉదయం షూ లేసు కట్టుకుంటూ, "సూర్యుడు వారం రోజులుగా బుద్ధిమంతుడిలా ఉన్నాడత్తయ్యా. పదింటికల్లా వచ్చేస్తా, కళ్ళ డాక్టరు దగ్గరికెళ్దాం" అని ధీమాగా చెప్పి వెళ్ళాడు.

తొమ్మిదింటికి సూర్యుడి పడమటి అంచున పెద్ద విస్ఫోటనం జరిగింది.

"అంచునే కదా, మనకేం తగలదులే" అన్నారు డైరెక్టరు.

"తగులుతుంది సార్" అన్నాడు అల్లుడు. "విస్ఫోటనంలో ఎగిరిన వాయుమేఘం రావడానికి రెండ్రోజులు పడుతుంది. కానీ దాని ముందు పుట్టే ఆఘాత తరంగం విద్యుత్ కణాల్ని తరిమి తరిమి కొడుతుంది. అవి అయస్కాంత రేఖల వెంట వంపు తిరిగి వస్తాయి. మన వైపు వచ్చే దారి మొదలయ్యేది ఆ అంచు దగ్గరే. అరగంటలో ఇక్కడుంటాయి!"

ఉపగ్రహ కేంద్రానికి పంపాల్సిన హెచ్చరిక తయారవుతుండగా ఇంటికి ఫోన్ చేశాడు. "అత్తయ్యా, నేను రాలేను. లక్షల్లో వచ్చి పడుతున్నాయి. అన్నీ మూసేయించాలి!" అని పెట్టేశాడు.

అత్తగారు అది తనకు అప్పగించిన పనే అనుకున్నారు. కిటికీలన్నీ మూసి, పక్కింటి టైలరును కేకేశారు.

"ఏంటమ్మా వచ్చేవి?"

"అది చెప్పలేదు. లక్షల్లో అన్నాడు."

"అయితే తేనెటీగలే" అని టైలరు తేల్చేశాడు.

వీధి మలుపు తిరిగేసరికి అవి కందిరీగలయ్యాయి. కిరాణా కొట్టు షట్టరు దిగేసరికి ఇద్దరు ఆస్పత్రిలో కూడా చేరిపోయారు. ఆ తర్వాత వీధి వీధంతా అల్లుడి ఆఫీసుకు ఫోన్లు మొదలుపెట్టింది.

"పొగ పెట్టమంటారా, నీళ్ళు కొట్టమంటారా?"

ఆఫీసులో ఉన్నది ఒక్కటే లైను. అతని సెల్లూ ఊపిరాడకుండా మోగుతోంది.

"హెచ్చరిక వెళ్ళిందా?" డైరెక్టరు గర్జించారు.

"లైను దొరకడం లేదు సార్" అన్నాడు అల్లుడు. పదేళ్ళు కష్టపడి పైకి పంపిన ఉపగ్రహం. కెమెరాలు తెరిచి ఉండగా కణాలు తగిలాయా, అంతే సంగతులు.

కణాలు అతను చెప్పినట్టే సరిగ్గా అరగంటకు వచ్చాయి. ఆ తర్వాత రెండు నిమిషాలకు ఉపగ్రహ కేంద్రానికి లైను దొరికింది. అవతల డ్యూటీలో ఉన్నది అతని బావమరిది, అత్తగారి కొడుకు.

"కెమెరాలన్నీ పావుగంట క్రితమే మూసేశాను బావా."

"ఎవరు చెప్పారురా?"

"అమ్మ. 'మీ బావ అన్నీ మూసేయమన్నాడు, తేనెటీగలొస్తున్నాయట, నువ్వూ మూసెయ్ నాయనా' అంది. నువ్వు ఆఫీసులో కూర్చుని తేనెటీగల గురించి చెప్పే మనిషివా? కణాలే అయ్యుంటాయనుకున్నా."

అల్లుడు కుర్చీలో కూలబడి, చాలాసేపు నవ్వాడు.

సాయంత్రం నివేదికలో 'హెచ్చరిక అందిన మార్గం' అన్న గడిలో డైరెక్టరు 'అత్తగారు' అని రాసి సంతకం పెట్టారు.