వియ్యంకుడు ఎక్కిన న్యూస్‌లెటర్

ఆ ఉదయం జవాబుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానానికి లేచేలోపు మెయిల్లో వచ్చే మూడు న్యూస్‌లెటర్లు చదవాలి, మూడింటికీ జవాబులు రాయాలి. రిటైరయ్యాక బుర్ర తుప్పు పట్టకూడదని, ఏ పత్రికకూ చెందకుండా సొంతంగా రాసుకునేవాళ్లను వెతికి, రాజకీయాలకు ఒకరిని, చరిత్రకు ఒకరిని, నక్షత్రాలకు ఒకరిని పెట్టుకున్నారాయన. ఉద్యోగమంతా ఆఫీసులో ఉత్తరాల విభాగంలోనే గడిచింది. వచ్చిన ఉత్తరానికి జవాబు ఇవ్వకపోతే అన్నం సయించదు. వీధిలో ఆ పేరు వచ్చింది అందుకే.

రాజకీయాలాయన ఆ రోజు చివర్లో, మీ ఇంట్లో రాజకీయాలు మాట్లాడుకుంటారా, నాకు రాయండి అన్నాడు. ఇలాంటివి అందరినీ అడుగుతారు, ఎవరూ పట్టించుకోరు. జవాబుగారు మాత్రం మనసు విప్పి రాశారు.

"ప్రతి ఆదివారం మా వియ్యంకుడు వస్తాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కాఫీ చల్లారిపోయేదాకా దేశాన్ని చక్కదిద్దుతాడు. చెప్పేవన్నీ తప్పులే. అయినా తలూపుతాను. కాదంటే రావడం మానేస్తాడేమోనని భయం. ఆయన తప్ప మా ఇంటికి కబుర్లకు వచ్చేవాళ్లు లేరు."

మర్నాడు అది అక్షరం పొల్లుపోకుండా న్యూస్‌లెటర్‌లో వచ్చేసింది. పేరు లేదు గానీ కిటికీ ఉంది, కుర్చీ ఉంది, చల్లారిన కాఫీ ఉంది. ఇంతకీ ఆ న్యూస్‌లెటర్‌కు వియ్యంకుణ్ణి చేర్పించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ జవాబుగారే, కాస్త జ్ఞానం వస్తుందని.

జవాబుగారు వెంటనే రాజకీయాలాయనకు మళ్లీ రాశారు. వెనక్కి తీసుకోమని బతిమాలారు. పంపేసినది వెనక్కి రాదని ఆ రచయిత మర్యాదగానే చెప్పాడు. సరే, అన్న మాటను మంచి మాటతో కప్పేద్దామని జవాబుగారు ఇంకోటి రాశారు. మా వియ్యంకుడు బంగారం, నేను ఆస్పత్రిలో పడితే రోజూ వచ్చి పేపరు చదివి వినిపించాడు, బట్టతల గోక్కుంటూ తప్పుడు విశ్లేషణ చేస్తేనేం, వచ్చాడుగా అని. రచయిత కరిగిపోయి అదీ వేసేశాడు. తలూపాలనేవాళ్లు కొందరు, మొహం మీద చెప్పెయ్యాలనేవాళ్లు కొందరు, పాఠకులు రెండు జట్లుగా చీలి కొట్టుకోవడం మొదలుపెట్టారు.

"ఏమండీ, ఇంక ఆయన ఫొటో ఒక్కటే పంపలేదు మీరు. అదీ పంపేస్తే ఓ పనైపోతుంది," అంది ఆయన భార్య.

శనివారం కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, మా మామగారు ఆ న్యూస్‌లెటర్లే మళ్లీ మళ్లీ చదువుతున్నారు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. మీరేమన్నా అన్నారా?"

ఏమీ అనలేదని చెప్పి జవాబుగారు ఫోన్ పెట్టేశారు. రేపు ఆ మనిషి రాడు. ఆ మాట తలుచుకుంటేనే ఇల్లు బోసిపోయినట్టనిపించింది. ఒకవేళ వస్తే గుర్తుపట్టకూడదని, కిటికీ పక్క కుర్చీని పడగ్గదిలోకి ఈడ్చి దుప్పటి కప్పారు.

ఆదివారం వియ్యంకుడు వచ్చాడు. కిటికీ దగ్గర ఖాళీ జాగాను కాసేపు చూసి, సోఫాలో కూర్చున్నాడు.

"బావగారూ, అవి రాసింది మీరేగా?"

జవాబుగారికి అబద్ధమాడే ఓపిక లేకపోయింది.

"తప్పయిపోయింది బావగారూ. ఎన్ని తిట్టినా పడతాను, రావడం మాత్రం మానకండి."

"మానడమెందుకు? నా బాధ అది కాదు." వియ్యంకుడు జేబులోంచి ఫోన్ తీశాడు. "మీ మీద నేనూ రాశాను ఆయనకి. చాలాసార్లు రాశాను. ఒక్కటీ వెయ్యలేదు. మీవి మాత్రం రెండూ వేశాడు."

"నా మీద ఏం రాశారు?"

"నేను చెప్పేది వినకుండా ఊరికే తలూపుతారని."

జవాబుగారు కళ్లజోడు సర్దుకుని, ఆయన ఫోన్ అందుకుని ఆ ఉత్తరం చదివారు. విషయం బాగానే ఉందిగానీ ఎత్తుగడ నీరసంగా ఉందని, ఉదాహరణలు బొత్తిగా లేవని తేల్చారు. భోజనాల వేళ దాకా ఇద్దరూ ఆ సోఫాలోనే భుజాలు రాసుకుంటూ దాన్ని తిరగరాశారు. జవాబుగారిలో వియ్యంకుడి కంటపడని లోపాలు ఇంకో రెండున్నాయి. వాటిని జవాబుగారే గుర్తుచేసి మరీ చేర్పించారు.