కోత పండుగలో కొత్త బాలు

ఆ ఆదివారం పొద్దున జయరాజు వేసుకున్న పథకం బహు చిన్నది. చర్చికి పోవడం, కొత్త ఫుట్‌బాలు మీద పాస్టరు అయ్యగారి చేత ప్రార్థన చేయించడం, ఇంటికొచ్చి అన్నం తినడం, సాయంత్రం పిల్లలను తీసుకుని మైదానానికి పోవడం. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. జయరాజూ అట్లాగే అనుకున్నాడు.

జయరాజు వరంగల్‌లో ఒక హైస్కూలు డ్రిల్లు మాస్టారు. రోజూ పొద్దున్నే ఖిలా వరంగల్ మట్టికోట పక్క ఖాళీ జాగాలో పేటల పిల్లలను పోగుచేసి, అతుకుల బాలుతో ఫుట్‌బాల్ నేర్పడం ఆయనకున్న ఏకైక వ్యసనం. ఏళ్ళ తరబడి నేర్పగా నేర్పగా, ఎనభై ఒకటో సంవత్సరంలో ఆ సంగతి హైదరాబాదులోని దక్కన్ వాండరర్స్ క్లబ్బు చెవిన పడింది. జీతాలిచ్చి ఆటగాళ్ళను పెట్టుకునే క్లబ్బు అది. పిల్లల కోసం కొత్తగా శిక్షణ విభాగం తెరిచింది. పద్నాలుగు, పదిహేనేళ్ళ వాళ్ళను ఏరి తీసుకుపోతారు, తిండి పెడతారు, బడికి పంపుతారు, ఆట నేర్పుతారు, ఎదిగాక పెద్ద జట్టులో వేసుకుంటారు. వాళ్ళ కోచ్ సత్యనారాయణ ఆదివారం సాయంత్రం వచ్చి పిల్లల ఆట చూస్తానన్నాడు. అతుకుల బాలు ఎటు ఎగురుతుందో దానికే తెలియదు కాబట్టి, ఆ ఆట కోసమని క్లబ్బు ఆఫీసువాళ్ళు కొత్త తోలు బాలు ముందుగానే పార్సిల్ చేశారు.

పిల్లలందరిలోనూ సారంగపాణికి ఈ అవకాశం చావుబతుకుల సమస్య. కొత్తవాడ పిల్లవాడు. ఎడమకాలితో కొట్టాడంటే గోల్‌కీపరు దేవుణ్ణి తలచుకోవలసిందే. ఇంట్లో తివాచీల మగ్గం ఉంది. "ఈ ఐతారం దాక చూస్త. ఎవ్వలు తీస్కపోకుంటే సోమారం సంది మగ్గం మీద కూసోవాలె. ఆట బంద్," అని తండ్రి ఖరాఖండిగా చెప్పేశాడు. ఆయన మాటకు తిరుగులేదు.

జయరాజు దగ్గర ఆట నేర్చుకోవాలంటే ఒక నియమం ఉంది. బాలు చేతికి తగిలితే, రెఫరీ చూసినా చూడకపోయినా, ఆడేవాడే చెయ్యెత్తి ఫౌలని ఒప్పుకోవాలి. "దొంగాట ఆడేటోడు నాకొద్దు బిడ్డా" అని రోజూ ఒక ఉపన్యాసం ఇచ్చేవాడు. ఉపన్యాసం ఇస్తున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది.

"ఇయ్యాల కోత పండుగ. అయ్యగారికి నూరు పనులుంటయి. ఈ బాలు కత ఇయ్యాల్నే పెట్టుకోవాల్నా?" అంది భార్య లిదియా, చీరకు పిన్ను పెట్టుకుంటూ.

"ఆట ఇయ్యాలైతే ప్రార్థన రేపు చేపిస్తరా ఎవరన్న?"

ఆయన అన్నదీ నిజమే. ఆ పేటలో సైకిలు కొన్నా, కుట్టుమిషను కొన్నా, అయ్యగారు చెయ్యి పెట్టి ప్రార్థించందే ఎవరూ వాడరు.

"సరే గని, చేతులనే పట్టుకో. ఏడబడితే ఆడ పెట్టకు," అంది లిదియా.

"నేనేమన్న పసిపోరన్నా?" అన్నాడు జయరాజు.

పసిపిల్లవాడైతే చేతిలోది వదిలేవాడు కాదు. జయరాజు మాత్రం చర్చిలో అడుగుపెట్టగానే పాటల బృందంలో నిలబడాల్సి వచ్చింది. బాలు చంకలో పెట్టుకుని పాడితే బాగుండదని, దాన్ని తీసుకుపోయి బలిపీఠం ముందు మెట్టు మీద పెట్టాడు. ఒక పక్క బూడిద గుమ్మడికాయ, ఇంకో పక్క కాళ్ళు కట్టేసిన కోడిపెట్ట. కోత పండుగ నాడు ఆ మెట్టు మీద పెట్టిన ప్రతి వస్తువూ దేవునికి ఇచ్చిన కానుకేననీ, ఆరాధన అయ్యాక అవన్నీ బయట వేలం వేస్తారనీ ఆయనకు తెలియక కాదు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. ఆ క్షణంలో తట్టలేదు, అంతే.

సంఘపెద్ద సాల్మన్‌కు మాత్రం తట్టింది. కానుకలను ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తూ, ఇచ్చినవారి పేర్లు చదువుతున్నవాడు, బాలు ఎత్తి గట్టిగా అన్నాడు: "మన జయరాజు సారు, కొత్త ఫుట్‌బాలు!"

సంఘమంతా ఒక్కసారి గుసగుసలాడింది. అయ్యగారి కళ్ళు చెమర్చాయి. రాసుకొచ్చిన ప్రసంగాన్ని పక్కన పెట్టేశాడు.

"చూసిన్రా ప్రియులారా! మనం ఇంట్ల ఎక్కువైన కాయ తెచ్చినం. ఈయన ప్రాణమసొంటిది తెచ్చిండు. ఫుట్‌బాల్ అంటే ఈయనకెంత పిచ్చో మీకెరుకే. గసొంటిది దేవునికిచ్చేసిండు!"

జయరాజుకు అప్పుడు తట్టింది. లేచాడు. నోరు తెరిచాడు. అంతలో "ఆమెన్!" అని సంఘం గొంతెత్తింది. చప్పట్లు మోగాయి. ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. ముప్పై తొమ్మిదేళ్ళ బతుకులో ఎవరూ ఆయనకు చప్పట్లు కొట్టిన పాపాన పోలేదు. తెరిచిన నోరు దానంతట అదే మూసుకుంది. రెండు చేతులూ జోడించి, తల కాస్త వంచి, కూర్చున్నాడు.

అయ్యగారు బాలు మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించాడు. జయరాజు కోరుకున్నదీ అదే. కానీ ఇప్పుడా ప్రార్థనలో ఒక్కొక్క మాటా చెంపదెబ్బలా తగులుతోంది.

ఆరాధన అయింది. బయట షామియానా కింద మగవాళ్ళు ఒక దిక్కు, ఆడవాళ్ళు ఒక దిక్కు చేరారు. జయరాజు మెడలో బంతిపూల దండ వేసి, అందరికీ కనబడేలా అయ్యగారి పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. తేలు కుట్టిన దొంగలా కదలడానికి లేదు, అరవడానికి లేదు. దండ సర్దుకునే నెపంతో బామ్మర్ది జ్ఞానప్రకాశాన్ని సైగ చేసి పిలిచాడు.

"బామ్మర్దీ, ఆ బాలు నువ్వు పాడి కొను. ఎంతకైన కానియ్యి, పైసలు నేనిస్త. నా పేరు మాత్రం తియ్యకు."

"నువ్వే ఇచ్చి నువ్వే కొనుడేంది బావా?"

"అడగకు. నీకు దండం పెడ్త. సచ్చి నీ కడుపుల పుడ్త."

"ఫికర్ జెయ్యకు," అని జ్ఞానప్రకాశం మగవాళ్ళ గుంపు వెనక్కి పోయి నిలబడ్డాడు.

చర్చిలో మొగుడు నోరు తెరిచి మూసినప్పుడే లిదియాకు విషయం మొత్తం అర్థమైపోయింది. ఎంతైనా ఆయనతో పన్నెండేళ్ళ కాపురం. పొదుపు చేసుకున్న డబ్బులు చెంగున ఉన్నాయి. ఏమైనా సరే బాలును విడిపించాలని ఆమె ఆడవాళ్ళ గుంపు నడుమ కూర్చుని నిశ్చయించుకుంది.

సాల్మన్ బాలు ఎత్తాడు. "యాభై!" అన్నాడు జ్ఞానప్రకాశం వెనక నుంచి. "అరవై!" అని ఆడవాళ్ళ దిక్కు నుంచి వినబడింది. షామియానాలో కోళ్ళ అరుపులు, పిల్లల గోల. అక్క గొంతు తమ్ముడికి తెలియలేదు, తమ్ముడి గొంతు అక్కకు తెలియలేదు. "డెబ్బై" అంటే "ఎనభై". "తొంభై" అంటే "నూరు". బాలు ధర దుకాణంలో బాలు ధరను దాటి పైకి పోతోంది.

"మొగోళ్ళ దిక్కు తగ్గుతాంది!" అని సాల్మన్ ఎగదోశాడు. అంతే, అది మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ పందెమైపోయింది. "ఓడిపోకున్రి!" అని ముసలమ్మలు లేచి నిలబడ్డారు. "పాడు రా, పరువు దీస్తవా?" అని మగవాళ్ళు జ్ఞానప్రకాశాన్ని వీపు మీద గుద్దుతున్నారు. ఇచ్చినవాని పుణ్యమే ఇంత పాటకు కారణమని అయ్యగారు జయరాజు భుజం తట్టాడు.

జయరాజు తల తిప్పి చూశాడు. ప్రహరీ గోడ మీద ఆయన దగ్గర ఆట నేర్చుకునే పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. సాయంత్రం దాకా ఆగలేక ముందే వచ్చేశారు. సారంగపాణి ముఖం పాలిపోయింది. గోడ మీది నుంచే కేకేశాడు: "సార్, బాలు ఇచ్చేసినవా? మరి మేం దేంతోని ఆడాలె?"

జయరాజుకు తల కొట్టేసినట్టయింది. చిన్నప్పుడు తండ్రి జేబులో చెయ్యి పెట్టి దొరికిపోయినప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదు. ఆ పిల్లవాడు రేపు మగ్గం మీద కూర్చుంటాడు, తాను మెడలో దండతో కుర్చీలో కూర్చున్నాడు. ఛీ, ఇదేం బతుకు అనిపించింది. ఇక చాలనుకుని, తప్పు ఒప్పుకోవడానికి చెయ్యెత్తాడు.

"జయరాజు సారు, నూటా యాభై!" అని అరిచాడు సాల్మన్. "ఇచ్చినోడే మళ్ళ పాడుతాండు! ఒక్క కానుక రెండుసార్లు! ఇసొంటి మనిషిని నేను చూడలే!"

చప్పట్లతో షామియానా ఊగిపోయింది. అయ్యగారు లేచి ఆయన్ని కౌగలించుకున్నాడు. పెనం మీది నుంచి పొయ్యిలో పడడమంటే అదీ.

"అది గాదు అయ్యగారూ, నేను..." అన్న మాట అయ్యగారి అంగీలోనే ఇంకిపోయింది.

"నూటా డెబ్బై," అన్నది ఒక కొత్త గొంతు.

అందరూ తిరిగారు. గేటు దగ్గర చేతిసంచితో ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. నీలం కోటు, జేబు మీద క్లబ్బు గుర్తు. దక్కన్ వాండరర్స్ కోచ్ సత్యనారాయణ పొద్దుటి బండికే దిగి, డ్రిల్లు మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ పోతే, వీధి వీధంతా పండుగకు పోయిందని ఎవరో ఇటు పంపారు. ఆయన కళ్ళు సూటిగా బాలు మీదే ఉన్నాయి.

అయిపోయింది, అనుకున్నాడు జయరాజు. చూసేశాడు. క్లబ్బు బాలును కోచ్ గుర్తుపట్టి, నలుగురిలో నా పరువు తియ్యకుండా డబ్బిచ్చి విడిపించుకుంటున్నాడు. ఇక ఆట లేదు, ఎంపిక లేదు. సారంగపాణి గతి మగ్గమే. ఇట్లా అనుకున్నాక జయరాజుకు పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. మెడలో దండ తీసి బల్ల మీద పెట్టి, గొంతు పగిలేలా అరిచాడు.

"పాట ఆపున్రి! ఆ బాలు నేను దేవునికియ్యలే. ప్రార్థన చేపిద్దామని తెచ్చిన. మతిలేక మెట్టు మీద పెట్టిన. అయ్యగారు పొగిడిన్రు, మీరు చప్పట్లు కొట్టిన్రు, నాకు మంచిగనిపిచ్చింది. నోరు మూసుకున్న. ఆ బాలు నాది గాదు. ఆ పోరగాండ్లది. ఈ క్లబ్బు సారుది. తప్పు నాది, నన్ను తిట్టున్రి. సార్, పోరగాండ్లను మాత్రం ఇడిసిపెట్టి పోకున్రి!"

కోళ్ళు కూడా ఊరుకున్నాయి. సత్యనారాయణ అయోమయంగా చూశాడు.

"నాదా? ఏ బాలు?"

"మీ క్లబ్బు పంపిన బాలే గద సార్ ఇది. మీరు గుర్తువట్టే పాడుతాన్రు గదా?"

"మా ఆఫీసోళ్ళు పంపిన్రా? నాకెవ్వడు చెప్పలే! బాలుంటదో ఉండదో అని ఫికరైతుండె. మంచి బాలు కనబడ్తే చెయ్యెత్తిన, అంతే," అని సత్యనారాయణ సంచి కింద పెట్టాడు. "అంటే, మా బాలును నేనే కొనుక్కోబోతున్ననా ఏందయ్యా?"

నవ్వులకు షామియానా గుంజలు కదిలాయి. అడగకుండానే, ఎవరికీ అనుమానం రాకుండానే, నిలువునా తన పరువు తానే తీసుకున్నానని తెలిసి జయరాజు భూమి చీలితే బాగుండుననుకున్నాడు. అది చీలలేదు. పైగా ఆ నవ్వుల్లోనే జ్ఞానప్రకాశం లిదియాను చూశాడు.

"అక్కా, ఇంతసేపు నా మీద పాడింది నువ్వా?"

"నా మీద పాడింది నువ్వార సచ్చినోడా?"

నవ్వు రెండింతలైంది. అయ్యగారు ఒక్కడే నవ్వలేదు. "నాది గూడ తప్పే. అడగకుండనే ప్రసంగం జేసిన," అని ఆయన చిన్నబోయాడు. సాల్మన్ మాత్రం ఒప్పుకోలేదు. "గట్లెట్లయితది? పాటల ఒక వస్తువు తగ్గుతది," అని భీష్మించాడు. లిదియా లేచి, బల్ల మీది బంతిపూల దండ చూపించి, "దాన్ని పెట్టున్రి పాటకు," అంది. దండ వేలానికి పెట్టారు. జయరాజు నూటా యాభై పాడాడు. పోటీకి ఎవరూ రాలేదు.

సాయంత్రం సంఘమంతా కోళ్ళతో, కాయలతో మైదానానికే వచ్చింది. ఆట చూడడానికి వచ్చామన్నారు గానీ, ఎక్కువమంది జయరాజును చూడడానికే వచ్చారు. ఆయన తల ఎత్తలేదు. సారంగపాణి ఎడమకాలితో రెండు గోల్స్ కొట్టాడు. రెండోది చూసి సత్యనారాయణ ఈల ఊదడమే మర్చిపోయాడు. ఆట అయ్యాక అతన్నీ, ఇంకో పిల్లవాణ్ణీ వచ్చే నెల హైదరాబాదు పంపమన్నాడు. సారంగపాణి తండ్రి మగ్గం మాట ఎత్తకుండా, కొడుకు కాళ్ళకంటిన దుమ్మును తన కండువాతో తుడిచాడు.

పోతూ పోతూ సత్యనారాయణ, "సార్, పోరగాండ్లను మంచిగ తయారుజేసిన్రు. మళ్ళొచ్చే ఏడు గూడ వస్త. బాలు మాత్రం నేనే తెచ్చుకుంట," అని బండెక్కాడు.

జయరాజు ఒక్కడే గోలు కర్రలు పీకుతుంటే సారంగపాణి వచ్చాడు.

"సార్, పొద్దుగాల నువ్వు చెయ్యెత్తినవు జూడు, అందరు పాట అనుకున్నరు. నాకు సమజయింది. అది పాట గాదు, ఫౌలు."

జయరాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోలు కర్ర ఒకటి పిల్లవాడి చేతికిచ్చి, రెండోది తాను భుజాన వేసుకుని నడిచాడు.

మరుసటి ఏడు కోత పండుగకు జయరాజు పెరట్లో కాసిన సొరకాయ ఒకటి పట్టుకుని, తలవంచుకుని బలిపీఠం దగ్గరికి పోయాడు. సాల్మన్ చెయ్యి చాచలేదు; ఇది నిజంగా కానుకేనని ముందు లిదియా చేత ఒక మాట చెప్పించమన్నాడు.